భట్టిప్రోలు అకారము - మాట వినెడి యంత్రము

తెనాలి జంక్షను నుండి రేపల్లెకు పోవు రైలుమార్గము సుమారు 34 కిలోమీటర్ల చిన్న శాఖ. రేపల్లెతో ఆ దారి ముగియును; ఆపైన పట్టాలు లేవు. రెండవ వైపున తెనాలి నుండి నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్లకును, అటనుండి చీరాల మీదుగా మదరాసునకును పోవు పెద్దమార్గము కలదు. యంత్రము మానవుని మాటను ఎట్లు వినుచున్నదో, దానికి మన అక్షరములు ఎట్లు తెలిసినవో చదువరులకు చెప్పవలెనని మేము పూనుకొన్నాము. ఆ కథకు ఈ రెండు రైలుదారులకంటె మంచి ఉపమానము మాకు దొరకలేదు. పైగా ఆ కథలోని మొదటి ఘట్టము రేపల్లె దారిలోనే, భట్టిప్రోలులోనే జరిగినది.

భట్టిప్రోలు స్తూపమునకు పందొమ్మిదవ శతాబ్దము మంచికాలము కాదు. దాని ఇటుకలను, రాళ్లను రోడ్లకును కాలువ కట్టడములకును తరలించుకొనిపోయిరి. మిగిలిన దిబ్బను 1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ త్రవ్వించెను. గర్భమున మూడు రాతి కరండములును, వానిలో స్ఫటికపు భరిణెలును, బంగారు పూవులును దొరకినవి. రాతిమీద ప్రాకృతభాషలో శాసనములు చెక్కబడి యుండెను: దాతల పేర్లు, గోష్ఠివారి పేర్లు, కుబీరకుడను రాజు పేరు. వియన్నాలో ఆచార్యుడుగా నుండిన గియోర్గ్ బ్యూలర్ వానిని చదివి ప్రకటించెను. అవి క్రీస్తునకు పూర్వము రెండు మూడు శతాబ్దముల నాటివని పండితుల తలంపు.

శాసనములలోని విషయము స్వల్పము. వ్రాసిన తీరు మాత్రము ఆశ్చర్యకరము. అశోకుని బ్రాహ్మీలిపిలో ఏ గుర్తును చేర్చక హల్లును మాత్రము వ్రాసినచో అది 'క' అని చదువబడును. అందలి అకారమును ఎవరును వ్రాయరు, చదువువాడు ఊహించుకొనవలెను. దీర్ఘము కావలసినచో ప్రక్కన చిన్న గీత గీయుదురు. భట్టిప్రోలు లేఖకుడు ఈ కట్టుబాటును మార్చెను. గుర్తులేని అక్షరము అతనికి 'క' కాదు, 'క్' మాత్రమే. ఇతరులు దీర్ఘమునకు వాడిన ఆ చిన్న గీతనే అతడు హ్రస్వమైన అకారమునకు వినియోగించెను. దీర్ఘమునకై ఆ గీత కొసను క్రిందికి వంచి క్రొత్త గుర్తు కల్పించెను. లోకమంతయు ఊహకు వదలిన అకారమును అతడు రాతిపై చెక్కి చూపెను. ఈ పద్ధతి నిలువలేదు. తరువాతి తెలుగు కన్నడ లిపులు పాతదారినే పట్టినవి. నేటికిని మనము 'క' అని వ్రాసి అకారమును నోటితోనే చేర్చుకొనుచున్నాము. ఇది లిపిశాస్త్రజ్ఞుల వింతవస్తువుగా మిగిలిపోయినది గాని, మా దృష్టిలో అంతకంటె పెద్ద విషయము. దేనిని వ్రాయవలెను, దేనిని చదువరి తెలివికి విడువవలెను అను ప్రశ్నకు ఒక మనిషి తనంతట తాను క్రొత్త సమాధానము వెదకినాడు. చదువరి తెలివి అనునదే లేని యంత్రము వచ్చినప్పుడు ఆ ప్రశ్న తిరిగి లేచినది.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. ఆ సంఖ్యయును రెండు స్థితులతోనే. మన కృష్ణా డెల్టావారికి ఇది సులభముగా బోధపడును. కాలువపై ఒక తూము తలుపు ఉన్నదనుకొనుడు. అది ఎత్తియుండును, లేదా దించియుండును. రెండు తలుపులున్నచో నాలుగు విధములు, మూడున్నచో ఎనిమిది. ఎనిమిది తలుపులు వరుసగా నున్నచో 256 విధములుగా వానిని నిలుపవచ్చును. ఆ ఎనిమిది తలుపుల వరుసనే బైటు అందురు. ఏ అమరికకు ఏ అక్షరమో ముందుగా మనుష్యులు కూర్చుండి ఒప్పందము చేసికొనవలెను. అమెరికాలో 1963లో ఆస్కీ అను పేర ఒక పట్టిక నిర్ణయించిరి. దానిలో 128 స్థానములు. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు మొదలైనవానితో అవి నిండిపోయినవి.

మన భాషలకు భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఇస్కీ అను పట్టికను ప్రమాణముగా ప్రకటించెను. అదే సంవత్సరము ప్రపంచభాషల నన్నిటిని ఒకే పట్టికలో చేర్చు యూనికోడ్ మొదటి సంపుటము వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 ఇండ్లు గల వీధి యొకటి దొరకినది. 'క' ఇంటి సంఖ్య 3093. ఆ సంఖ్యలోనే అకారము ఇమిడియున్నది. మరి పొల్లు హల్లు కావలసినచో? పొల్లునకు వేరుగా 3149 అను ఇల్లు ఇచ్చిరి. 3093 తరువాత 3149 వ్రాసినచో 'క్'. భట్టిప్రోలు లేఖకుడు అకారము ఉన్నదని గుర్తుపెట్టెను. యూనికోడ్‌వారు అకారము లేదని గుర్తుపెట్టిరి. సమస్య ఒక్కటే.

రేపల్లె అను పేరును విప్పి చూచినచో ఇది స్పష్టమగును. ర, ఏత్వము, ప, ల, పొల్లు, ల, ఎత్వము: మొత్తము ఏడు సంఖ్యలు. కాగితముమీద మనకు పొల్లు ఎక్కడను కనబడదు. 'లె' క్రింద లకారపు వత్తు కనబడును. యంత్రము లోపల మాత్రము మొదటి లకారమునకు పొల్లు తగిలి, దాని వెంట రెండవ లకారము, చివరకు ఎత్వము. చిన్ననాడు పలకమీద మనము దిద్దిన వత్తును యంత్రము ధ్వని క్రమములోనే దాచుకొనుచున్నది. ఇది మాకు చాల నచ్చిన సంగతి.

నచ్చని సంగతి ఒకటి లేకపోలేదు. 1992లో కల్పించి, నేడు లోకమంతట వాడుచున్న యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటులో ఇముడును; తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసికొనును. తెనాలి పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో 6 బైట్లు, తెలుగులో వ్రాసినచో 18. ఇందు కుట్ర యేమియు లేదు. సత్రములోనికి ముందు వచ్చినవారికి ముందు గదులు దొరకినవి; మనము ఆలస్యముగా చేరితిమి. వ్రాతను ముక్కలుగా కోసి నేర్చుకొను నేటి భాషాయంత్రములలోను తరచుగా ఈ గతియే: ఇంగ్లీషు మాట ఒకటి రెండు ముక్కలలో తేలగా, తెలుగు మాట పెక్కు ముక్కలగును. ముక్కకు ఇంతయని వెల కట్టుచోట మన మాటకు ఎక్కువ వెల పడును.

ఇంతవరకు వ్రాత సంగతి. మాటను వినుట ఇంతకంటె కఠినము. వ్రాతలో పదమునకును పదమునకును నడుమ ఎడముండును, నోటిమాటలో ఉండదు. గాలి ఎడతెగక కంపించుచుండును, దానిని మన చెవి తెగగొట్టుకొనును. తెలుగులోనైతే సంధి కూడ కలదు.

ఈ కఠినమైన పనికి జీవితమును అర్పించినవారిలో ముందువరుసన నిలిచినవాడు తెలుగువాడే. దబ్బల రాజగోపాలరెడ్డి, లోకము రాజ్ రెడ్డి అని పిలుచు శాస్త్రజ్ఞుడు, 1937 జూన్ 13న అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించెను. మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1958లో పట్టము పుచ్చుకొనెను. ఆస్ట్రేలియాలో పై చదువు, అచ్చట ఐబీఎం కంపెనీలో ఉద్యోగము, ఆపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్. కృత్రిమమేధ అను శాస్త్రమునకు 1950ల నడుమ ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తియే స్టాన్‌ఫర్డ్‌లో అతని గురువు. 1966లో డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరెను.

అచ్చట అతని బృందము నిర్మించిన మొదటి వినికిడి యంత్రముల పేరు హియర్‌సే. ఇతరులు చెప్పగా విన్నమాట అని దాని అర్థము. న్యాయస్థానములో అట్టి సాక్ష్యము సాధారణముగా చెల్లదు. పేరు పెట్టినవారికి హాస్యము తెలియును! మొదటి హియర్‌సే చదరంగపు ఎత్తులను నోటితో చెప్పగా వినెడిది. మాట స్పష్టముగా వినబడకున్నను, ఆ స్థితిలో ఏ ఎత్తు ధర్మసమ్మతమో దానికి తెలియును గనుక సందేహము తీర్చుకొనెడిది. రెండవదానిలో ఒక నల్లబల్ల ఏర్పాటు చేసిరి. ధ్వనులు తెలిసిన విభాగ మొకటి, పదములు తెలిసినది మరియొకటి, వ్యాకరణము తెలిసినది ఇంకొకటి. ఎవరి ఊహను వారు ఆ బల్లమీద వ్రాయుదురు. తక్కినవారు దానిని బలపరుతురు, లేదా కొట్టివేయుదురు.

1971లో అమెరికా రక్షణశాఖవారి పరిశోధనాసంస్థ ఒక పందెమువంటి లక్ష్యము పెట్టెను: అయిదేండ్లలో వేయి మాటల పరిధిలో ఎడతెగని సంభాషణను గ్రహించు యంత్రము కావలెను. 1976లో కార్నెగీ మెలన్‌వారి హార్పీ 1,011 మాటలతో ఆ లక్ష్యమును చేరెను. హార్పీ పనితీరును చెప్పుటకే మేము తెనాలి జంక్షనుతో మొదలుపెట్టితిమి.

తెనాలి స్టేషనులో ప్రయాణికుని మాట విని టిక్కెట్టు ఇచ్చు యంత్రమొకటి ఉన్నదనుకొందము. దానికి స్టేషన్ల పేర్లు మాత్రమే తెలియును. ప్రయాణికుడు 'వే' అనెను. వేమూరు కావచ్చును, వేటపాలెము కావచ్చును. తరువాతి ధ్వని పెదవులు మూసి పలికిన మకారమో, నాలుక మడచి పలికిన టకారమో తేలునంతలో ఇంజను కూత పెట్టినది. యంత్రము తొందరపడి ఒకదానిని త్రోసివేయరాదు. రెండు దారులను చేతిలో ఉంచుకొని ముందునకు నడచును. 'రేపల్లె బండికి' అని అతడు అంతకుముందే అనియున్నచో దారి తేలిపోయినది: ఆ శాఖమీద వేమూరు కలదు, వేటపాలెము లేదు, అది బాపట్ల, చీరాల దాటిన తరువాతి ఊరు. హార్పీలో పలుకదగిన వాక్యములన్నిటిని కలిపి ఇట్టి ఒక మహా రైలుపటముగా ముందే అల్లియుంచిరి. అందు సుమారు 15,000 జంక్షనులు. అన్ని దారులను వెదకుటకు కాలము చాలదు; ఒక్కదారినే నమ్మినచో మోసపోవుదుము. కనుక అప్పటికి మేలుగా తోచిన కొలదిదారులను మాత్రము, టార్చిలైటు వెలుగు పడినంతమేర, వెంట తీసికొనిపోవుట. దీనినే బీమ్ సెర్చ్ అందురు. నేటి అనువాదయంత్రములలోను ఈ ఉపాయము వాడుకలో నున్నది.

పటమును మనుష్యులు గీసి ఇచ్చినంతకాలము యంత్రము ఆ పటము దాటి పోలేదు. దానిని యంత్రమే నేర్చుకొనుటకు మార్గము రష్యాలో దొరకినది. 1913లో గణితజ్ఞుడు మార్కోవ్, పుష్కిన్ కావ్యమొకదాని నుండి 20,000 అక్షరములు తీసికొని, అచ్చు వెంట హల్లు ఎన్నిమార్లు వచ్చినది, హల్లు వెంట అచ్చు ఎన్నిమార్లు వచ్చినది కూర్చుండి లెక్కించెను. ఒకదాని వెంట మరియొకటి వచ్చు అవకాశమునకు లెక్క గలదని దానివలన తేలినది. రాజ్ రెడ్డి శిష్యుడైన జేమ్స్ బేకర్ 1975 నాటి డ్రాగన్ అను యంత్రములో ఈ లెక్కనే మాటలు వినుటకు వినియోగించెను. నేటి పెద్ద యంత్రములు కేవలము లెక్కించుట లేదు. కోట్లకొలది సంఖ్యలను కొంచెము కొంచెముగా సవరించుకొనుచు, తరువాతి ముక్క ఏదో ఊహించుట నేర్చుచున్నవి. కాని మూలము మారలేదు. నమూనాలో ఉన్నదే నేర్చును. రాజ్ రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారము ఇచ్చిరి. ఆసియా సంతతివారిలో దానిని పొందిన ప్రథముడు అతడే. అయినను అతని బృందపు యంత్రములు నేర్చినది ఇంగ్లీషు. తెలుగు నేర్పవలెనన్నచో తెలుగు మాటలు, వానికి సరిపోవు తెలుగు వ్రాతలు జతజతలుగా కావలెను. కేంద్రప్రభుత్వము 2022లో భాషిణి అను కార్యక్రమమును ఆరంభించి, ప్రజల గొంతులను దానముగా కోరినది ఇందుకే.

అట్టి జత ఒకటి తయారు చేయుట ఎంతపనియో చూతమని మేము ఇంట ప్రయత్నించితిమి. మా మేనత్తగారిది రేపల్లె ప్రాంతము. ఆమె మాట నొకదానిని ఫోనులో పట్టితిమి: "కాలవకి నీళ్లొదిలారంటగా, నారుమడి దున్నించారా?" మూడు సెకండ్ల మాట. ముగ్గురము వేరువేరుగా వ్రాసితిమి. ఒకరు 'నీళ్లు వదిలారంట కదా' అని మూడు మాటలుగా విడదీసిరి. ఒకరు 'నీళ్లొదిలారంటగా' అని ఒక్కటిగా ఉంచిరి. మూడవవారు ళకారము క్రింద ళకారవత్తే పెట్టి 'నీళ్ళొదిలారటగా' అని వ్రాసిరి. యంత్రమునకు ఇవి మూడు వేరువేరు సంఖ్యావరుసలు. ఏది నిలుపవలెనను వాదము రాత్రి భోజనముల వరకు సాగినది.

చివరకు ఆమెనే అడిగితిమి. "అత్తయ్యా, వీటిలో మీరన్నది ఏది?"

మూడింటిని చదివించుకొని వినెను. "మూడూ నేనన్నయ్యేగదరా!" అని, వార్తలవేళ అయినదని రేడియో త్రిప్పెను.