సున్నపురాయి చలువరాయి యగుట

సున్నపుబట్టీని చూడనివారు ఒకప్పుడు మనలో నరుదు. రాతిని కాల్చినచో అందలి వాయువు వెడలిపోయి సున్నము మిగులును. సర్వజన విదితమైన యీ విషయమే యొకప్పుడు భూచరిత్రమును విచారించువారికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

1785వ సంవత్సరమున ఎడింబరో రాయల్ సొసైటీ సభయందు జేమ్సు హట్టను సిద్ధాంతము చదువబడెను. కొండలు అరిగి మన్నై, ఆ మన్ను సముద్రముచేరి పొరలుగా పేరుకొని, భూగర్భతాపముచే గట్టిపడి మరల పైకి లేచుచుండుననియు, ఈ చక్రము లెక్కకందని కాలముగా తిరుగుచున్నదనియు నాయన వాదము. అప్పుడు ఐరోపాలో ఫ్రైబెర్గు గనుల పాఠశాలలోని వెర్నరు పండితుని మాటకు గౌరవము మెండు. భూమినంతయు కప్పిన ఆదిజలమునుండియే గ్రానైటు మొదలగునవి పుట్టినవని యాయన బోధ. ఆ పక్షమువారు హట్టను నిట్లడిగిరి: తాపమే కారణమైనచో సున్నపురాయి కాలి సున్నము కాక చలువరాయి యెట్లగును? సముద్రపు బరువుక్రింద వాయువు వెలికి పోజాలదని హట్టను బదులు చెప్పెను. సమాధానము యుక్తముగనే యున్నది గాని, చేసి చూపినవారు లేరు.

ఆయనకు శిష్యప్రాయుడైన జేమ్సు హాలు పరీక్షింప నుత్సహించెను. ప్రకృతి మహాకార్యములను చిన్నమూసలో నిప్పుపెట్టి నిర్ణయింపరాదని హట్టను దాని నొల్లడయ్యెను. 1797లో హట్టను మరణించువరకు హాలు ఊరకుండెను. దీనిని గురుభక్తి యందుమా, విద్యకు నష్టమందుమా? మాకు రెండును తోచుచున్నవి. పిమ్మట సుద్దపొడిని తుపాకిగొట్టములలో దట్టించి, మూతులు బిగించి కొలిమిలో కాల్చెను. గొట్టములు పగిలినవి, వాయువు కారిపోయినది, ఆయన మానలేదు. 500కు పైగా పరీక్షలు జరిగినవి. కొన్నిటిలో పొడి సున్నము గాక, చలువరాతివలె స్ఫటికములు గల గట్టిముద్ద యయ్యెను. 1805లో నా ఫలితమును సొసైటీకి తెలిపెను. గురువు వలదన్న పరీక్షయే గురువు మాటను నిలిపినది!

హట్టను తలంచినట్లు పొరలన్నియు తాపముచేతనే గట్టిపడవని నేడెఱుగుదుము. చలువరాయి యగుటకు రాయి కరగనక్కఱలేదు. ఘనరూపముననే దాని కణములు వేడికిని ఒత్తిడికిని లోబడి పెద్ద స్ఫటికములై యల్లుకొనును. ఇట్టి వానిని లయెలు 1833లో రూపాంతరశిలలని వ్యవహరించెను.

మన విశాఖపట్టణపు కొండలలోని ఖొండలైటును ఈ జాతిదే. ఖోందు జనుల పేరనుండి వాకరు దానికి 1902లో నామకరణము చేసెను. ఒకనాడది బంకమన్ను. ఇప్పు డా రాతిలో ఎఱ్ఱగా కానవచ్చు గార్నెట్టు గింజలు ఆ మంటిలో లేనివి, భూగర్భమున పుట్టినవి.