గుర్రం కాళ్ళూ, సన్మానం శాలువా

2023 డిసెంబరులో జరిగిన మన వార్షిక సమావేశంలో, తొంభై ఏళ్ళు నిండిన పెద్దాయనకు సన్మానం చేసిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఫొటోలు తీసే బాధ్యత నాకు అప్పగించారు. మా అబ్బాయి కొనిచ్చిన డిజిటల్ కెమెరాతో, వరుసగా ఫొటోలు పడేటట్లు బటన్ నొక్కిపట్టాను. సెకనుకు ఐదు తీస్తుందన్న ఆ యంత్రం రెండు తీసి ఆలోచనలో పడింది. ఆ రెంటిలోనూ మనుషులు పొగలా చెదిరిపోయారు. శాలువా కప్పగానే ఆయన నవ్విన నవ్వు దొరకలేదు. 2024 వేసవిలో ఆయన కాలం చేశారు. తప్పెక్కడ జరిగిందో తెలుసుకుందామని అప్పుడు పుస్తకాలు తిరగేశాను.

ఈ చిక్కు 1878 నాటికే ఉంది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా నేలను వదులుతాయా అన్నది ఆనాటి వాదం. కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలండ్ స్టాన్‌ఫర్డ్‌కు గుర్రాలంటే ప్రాణం. ఆయన ఈ పనిని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరుకు అప్పగించాడు. అప్పటి తడి గాజు పలకను మార్చి మరొకటి పెట్టేలోగా గుర్రం ఎక్కడికో వెళ్ళిపోతుంది. అందుకని పాలో ఆల్టోలో పరుగుబాట పక్కన 12 కెమెరాలు బారుగా నిలిపి, బాటకు అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగిలిన దారానికి ఆ కెమెరా షట్టరు రెప్పపాటులో తెరుచుకుని మూసుకునేది. అంత తక్కువ సమయంలో పలక మీద బొమ్మ పడాలంటే వెలుతురు దండిగా కావాలి. కనుక మిట్ట ఎండ, వెనక తెల్లటి తెర. కాళ్ళు నాలుగూ గాలిలోనే ఉన్నాయి! అయితే చిత్రకారులు గీసినట్లు చాచి కాదు, పొట్ట కింద ముడుచుకుని.

1882లో ఫ్రాన్సు శాస్త్రవేత్త మారే తుపాకీ ఆకారపు కెమెరాతో సెకనుకు 12 బొమ్మలు తీశాడు. ఆ తరువాత ఫిల్ము, మోటారు వచ్చాయి. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు! 1999 నాటి నికాన్ డీ1 సెకనుకు నాలుగున్నర చొప్పున తీసేది. 21 కాగానే దానికీ కాస్త విరామం కావలసి వచ్చేది.

నా తప్పు అప్పుడు బోధపడింది. హాలులో వెలుతురు చాలక కెమెరా తనంతట తాను షట్టరును పావు సెకను తెరిచి ఉంచింది. అలాంటివి సెకనులో నాలుగుకు మించి ఎలా పడతాయి? పైగా ప్రతి బొమ్మనూ పెద్ద సైజు రా ఫైలుగా పాత, నిదానపు కార్డు మీద రాయమన్నాను. మా ఆఫీసులో ఇన్‌వార్డు గుమాస్తా ఒక్కడే ఉండి ఉత్తరాలు వందలుగా వచ్చిపడ్డట్టు! ఇప్పుడు షట్టరు 1/250 సెకనుకు, ఐ.ఎస్.ఓ. 1600కు మార్చాను. బొమ్మలో కొంచెం గరుకు కనబడుతుంది, పరవాలేదు. రా బదులు జేపెగ్ పెట్టి, వేగమైన కార్డు కొన్నాను.

దసరాకు మనవరాలు కోలాటం ఆడుతుంటే సెకనుకు ఐదూ పడ్డాయి. పెద్దాయన కుమారుడు అడిగితే ఆ చెదిరిన రెండు బొమ్మలే పంపాను.