కొచ్చిలోని ఖాళీ గోయి

కొచ్చి కోటను చూడబోవువారు మొదట సముద్రపుటొడ్డున చీనా వలలయొద్ద నిలుతురు. పిమ్మట సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయములో నేలనున్న యొక రాతిచుట్టు గుమిగూడుదురు. 1524 డిసెంబరులో ఈ పట్టణమందే చనిపోయిన వాస్కో డ గామాను అక్కడ పాతిపెట్టిరి. కొన్నేండ్లకు ఎముకలను పోర్చుగల్లుకు కొనిపోయిరి. కాబట్టి జనులు చూచునది ఖాళీ గోయి! 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు పట్టణమును పట్టుకొనిరి. ఆలయము చేతులు మారి నేడు దక్షిణ ఇండియా సంఘమువారిదైనది.

గామా గొప్ప నావికుడని బడిలో చదివితిమి. సత్యమే. కాని 1502లో మక్కానుండి తిరిగి వచ్చుచున్న యాత్రికుల ఓడను, స్త్రీలతోను పిల్లలతోను కూడ, కాల్పించినవాడును ఆయనే. ఆయన తెరచాపలమీద సిలువ గురుతుండెను. చదువరులారా, ఈ సంగతిని మనము దాచుట తగదు.

ఆ సిలువ మలబారునకు క్రొత్తదియు కాదు. పోర్చుగీసువారు రాకమునుపు ఎన్నో శతాబ్దములనుండి అక్కడ తోమా క్రైస్తవులుండిరి. సురియాని భాషలో ఆరాధించుచుండిరి. 1599లో ఉదయంపేరూరు సభ వారి గ్రంథములనేకమును తప్పుపట్టి కాల్చుడని తీర్మానించెను. ఓర్చి ఓర్చి, 1653 జనవరి 3న వేలకొలది జనులు మట్టాంచేరిలో కూడి, జెసూటు పాదిరీలకు ఇక లోబడమని ఒట్టు పెట్టుకొనిరి. సిలువను ముట్టుటకు అందరికి చోటు చాలక, దానికి త్రాళ్లు కట్టి పట్టుకొనిరట. ఆ లాగుడుకు సిలువ వంగెనని చెప్పుదురు. అందుకే దానికి కూనన్ సిలువ, అనగా వంగిన సిలువ, అని పేరు. కొచ్చి పోవు మనవారు గోయిని చూచి మరలిపోక మట్టాంచేరికిని పోవలెనని నా మనవి. ఆ చోట నేడును దేవాలయము కలదు.