విదురాశ్వత్థంలో వీరసౌధ



హిందూపురంలో బెంగుళూరు వైపు రైలెక్కితే, గౌరిబిదనూరు రాకముందే విదురాశ్వత్థం స్టేషను వస్తుంది. మీలో చాలామంది అక్కడ దిగే ఉంటారు. బిడ్డలు కలగాలని మొక్కుకుని నాగప్రతిష్ఠ చేయించి, రావిచెట్టుకు ప్రదక్షిణం చేసి వచ్చి ఉంటారు. విదురుడు నాటాడని పెద్దలు చెప్పే ఆ చెట్టు 2001లో కూలిపోయింది. అయితే ఆ ఊళ్ళో చూడవలసింది మరొకటి కూడా ఉంది. అదే వీరసౌధ అనే స్మారక భవనం. ఇవాళ దాని కథ చెప్పుకుందాం.

అది 1938వ సంవత్సరం. ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో మైసూరు సంస్థానంలోది, కోలారు జిల్లాకు చెందినది. సంస్థానంలో కాంగ్రెస్ జెండా ఎగరేయకూడదని సర్కారు కట్టడి చేసింది. ఏప్రిల్ నెలలో మద్దూరు దగ్గర శివపురంలో నాయకులు ఆ ఆజ్ఞను ధిక్కరించి జెండా ఎత్తి జైలుకు వెళ్ళారు. ఆ ఉత్సాహం పల్లెలకు పాకింది. ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో, మన పెన్న ఒడ్డున, చుట్టుపక్కల జనం సభకు చేరారు. తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో వినిపించే పల్లెలవి. నిరాయుధులైన ఆ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు.

ఎంతమంది పోయారు? 32 మంది అని అక్కడివారు చెబుతారు. 35 అని రాసినవారూ ఉన్నారు. సర్కారు ఒప్పుకున్నది అంతకన్నా చాలా తక్కువ.

ఈ వార్త దేశమంతా పొక్కింది. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ బెంగుళూరు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. మే నెలలో ఒప్పందం కుదిరింది. సంస్థానం జెండా పక్కన కాంగ్రెస్ జెండా కూడా ఎగరవచ్చన్నారు. ఏ జెండా కోసం ప్రాణాలు పోయాయో, ఆ జెండాకే అనుమతి వచ్చింది.

ఆనాటి స్మృతికి నిలిచినదే వీరసౌధ. లోపల స్వాతంత్ర్య పోరాట ఘట్టాలు చిత్రాలలో కనిపిస్తాయి. ఈసారి విదురాశ్వత్థం వెళ్ళినప్పుడు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక అక్కడికి కూడా నాలుగడుగులు వేయండి. మీ ఇంటి పెద్దలు ఆనాటి సంగతులేమైనా చెప్పి ఉంటే, పేర్లతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పేరు రాసి ఉంటే మనిషి నిలుస్తాడు. రాయకపోతే అతను కేవలం లెక్క అవుతాడు. ఆ లెక్క మీద కూడా తగువు మిగులుతుంది.