మూడో పైపు

"ఒకటి చాలదా తమ్ముడా? మూడెందుకు?"

అద్దం మీద మార్కరుతో గీసిన మూడు సున్నాలు చూసి ప్లంబరు అడిగాడు. తడలో ఆ ఇంటి వరండాలో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి. పైన నిండిన నీళ్లు పైపులో కింద సంప్‌లోకి దిగాలి. వడపోత అయ్యాక మోటారు వాటిని మళ్లీ పైకి తోడాలి. దిగే దారి ఒకటే ఉంటే డర్సో, రెండుంటే హెర్బీ, మూడుంటే బీన్‌యానిమల్ అంటారు చేపలు పెంచేవాళ్లు.

"అన్నమయ్య డ్యాం గుర్తుందా అన్నా?" అన్నాడు తొట్టి కట్టిస్తున్న కుర్రాడు.

ప్లంబరు మాట్లాడలేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు వరద, గేట్లన్నీ ఎత్తగలిగినా పట్టనంతగా వచ్చింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోనే లేదు. మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ ఊళ్లలో మనుషులు పోయారు. ఆ దుఃఖాన్ని చేపల తొట్టితో పోల్చకూడదు. అయినా నీళ్లు పోయే దారి కట్టేటప్పుడు, అది మూసుకుపోయే రోజునే ముందు తలుచుకోవాలి.

ప్లంబరు డైమండ్ కటర్ అందుకున్నాడు.

మొదటి పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటుంది. కింద వాల్వు సరిచేస్తే గాలి చొరబడక, చప్పుడు లేకుండా పారుతుంది. రెండోదాని అంచు కాస్త ఎత్తు, అందులో సన్నటి ధార. మూడోది ఇంకా ఎత్తు. అది ఎప్పుడూ ఎండిపోయే ఉండాలి.

రాత్రి పరీక్ష పెట్టారు. నత్త అడ్డం పడ్డట్టుగా మొదటి పైపులో గుడ్డ కుక్కాడు కుర్రాడు. నీటిమట్టం లేచింది. రెండో పైపు గుక్కపట్టి లాగింది. దాన్నీ మూశాడు. మూడోది ఇల్లంతా వినబడేలా హోరెత్తింది. ఆ హోరే కావాలి, నిద్రలో ఉన్నా లేపుతుంది.

"మూడూ పూడితే?"

తొట్టిలో సెంటీమీటరు నీళ్లంటే ఏడు లీటర్ల పైమాటే. అంచు దాకా ఐదు సెంటీమీటర్ల ఖాళీ వదిలాడు, 37 లీటర్లు పడుతుంది. సంప్‌లో మోటారు గది 30 లీటర్లే. అది ఖాళీ అయినా పైన పొర్లదు.

చివరికి మెయిన్ స్విచ్ కట్టేశారు. వాయుగుండం రోజుల్లో తడలో కరెంటును నమ్మలేం. పైనీళ్లు సంప్‌లోకి దిగి దిగి, దాని అంచుకు నాలుగు వేళ్ల కింద ఆగాయి. కరెంటు మళ్లీ వేసి మోటారు తిరుగుతుండగా, సంప్‌లో నీళ్లు నిలిచినచోట ఎర్ర గీత గీశాడు కుర్రాడు. ఇంతకు మించి నీళ్లు పోయొద్దని అమ్మకు చూపించాడు.