పాపను అడిగిన మనిషి

1991 ఆగస్టు. బేగంపేటలో ఎక్కిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఢిల్లీకి పోతోంది. సీట్లో ఒక పాప ఏడుస్తోంది. పదేళ్లో పదకొండేళ్లో ఉంటాయి. పక్కన అరవై ఏళ్ల సౌదీ మనిషి. ఆ ఏడుపు ఇంకెంతమంది చెవిన పడిందో. తాతామనవరాళ్లు అనుకున్నారో, మనకెందుకులే అనుకున్నారో. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లూవాలియా మాత్రం దగ్గరికి వెళ్లి, ఎందుకేడుస్తున్నావని అడిగింది.

అడిగితే పాప చెప్పింది. ఈయన అక్కను చూసుకోవడానికి ఇంటికొచ్చాడట. అక్క నచ్చలేదట. తనను చేసుకున్నాడట. ఇప్పుడు వాళ్ల దేశానికి తీసుకుపోతున్నాడట.

పాప తండ్రి పాతబస్తీలో ఆటో నడిపేవాడు. చేతులు మారింది ఆరు వేల రూపాయలని పత్రికలు రాశాయి. ఢిల్లీలో పోలీసులు ఆ మనిషిని అరెస్టు చేశారు. పాపను ప్రభుత్వ హోమ్‌లో పెట్టారు. తాను పెంచుకుంటానని అమృత ముందుకొచ్చినా, కోర్టు చివరికి కన్నవాళ్లకే అప్పగించింది.

దేశం ఉలిక్కిపడింది. కానీ చార్మినార్ చుట్టుపక్కల ఎవరికి తెలియని సంగతి ఇది? గల్ఫ్ డబ్బుకు హైదరాబాదీ ఆడపిల్లను కట్టబెట్టే కథతో సాగర్ సర్హదీ ‘బాజార్’ సినిమా తీసింది 1982లోనే. చూసినవాళ్లు కన్నీళ్లు తుడుచుకున్నారు. దళారుల పని దళారులు చేసుకుపోయారు.

ఆ పాప విమానంలో కూర్చున్న నాటికి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పుట్టి రెండేళ్లు కావస్తోంది. పిల్లల అమ్మకాన్ని, అక్రమ రవాణాను ఏ రూపంలో ఉన్నా అరికట్టాలని దాని 35వ అధికరణ చెబుతుంది. భారత్ అప్పటికింకా అందులో చేరలేదు. ఆ ఒడంబడిక కింద, ఆ పాప గురించి మన ప్రభుత్వం ప్రపంచానికి జవాబు చెప్పనక్కర్లేదు. 1992 డిసెంబర్ 11న చేరాక చెప్పక తప్పలేదు. చేరిన దేశం రెండేళ్లలో ఒక నివేదిక ఇవ్వాలి, ఆపైన ఐదేళ్లకోసారి ఇస్తుండాలి. జెనీవాలో నిపుణుల కమిటీ దాన్ని చదువుతుంది. స్వచ్ఛంద సంస్థలు విడిగా పంపిన నివేదికలనూ ముందు పెట్టుకుని, ప్రభుత్వ ప్రతినిధులను కూర్చోబెట్టి అడుగుతుంది. 1995 జనవరికి రావాల్సిన మన తొలి నివేదిక 1997లో చేరింది. విచారణ 2000 జనవరిలో జరిగింది.

ఆ కమిటీకి పోలీసుల్లేరు, జరిమానాలు లేవు. అడగడం, అడిగింది లోకానికి తెలిసేలా ప్రచురించడం, అంతే. అది చిన్న పని అని నేననుకోను. విమానంలో అమృత చేసిందీ మొదట అదే. కాకపోతే జెనీవా వాళ్లకు పాప కనిపించదు. బస్తీలో ఎవరో అడిగి రాస్తేనే వాళ్లకు తెలుస్తుంది. అందుకే, నివేదికలను ప్రజలకు విరివిగా అందించాలని 44వ అధికరణ ఆ బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. అవి తెలుగులో, ఉర్దూలో షాహీన్‌నగర్ దాకా, ఫలక్‌నుమా దాకా చేరాలి. ఏ పిల్ల గురించి రాశారో ఆ పిల్ల తల్లి చేతికి అందాలి.

ఇలా అడిగే పని దేశం లోపలే చేయడానికి 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు మన హైదరాబాద్ ప్రొఫెసర్ శాంతా సిన్హా. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని ఎం.వి. ఫౌండేషన్‌తో ఊరూరా తిరిగి వాదించిన మనిషి.

2014 జూన్‌లో, ఇక్కడ కొత్త రాష్ట్రం సంబరాలు చేసుకుంటుండగా, జెనీవా మళ్లీ అడిగింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం మతాల వైయక్తిక చట్టాలన్నిటికన్నా పైదని తేల్చి చెప్పమంది.

తేల్చలేదు. 2017 ఆగస్టులో ఒక తల్లి ఫలక్‌నుమా పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. పదహారేళ్ల కూతుర్ని దగ్గరి బంధువులే ఒమన్ ముసలివాడికి కట్టబెట్టారని ఏడ్చింది. ఆ ఫిర్యాదుతో కదిలిన సౌత్‌జోన్ డీసీపీ వి. సత్యనారాయణ బృందం సెప్టెంబర్‌లో లాడ్జీల మీద పడింది. ఒమన్, ఖతార్‌ల నుంచి వచ్చిన ఎనిమిది మంది షేకులు, నిఖా చదివిన ఖాజీలు, దళారులు, లాడ్జీల యజమానులు దొరికారు. ఈ కాంట్రాక్టు పెళ్లిళ్లలో నిఖానామాతో పాటే తలాక్ కాగితాల మీదా సంతకాలు అయిపోతాయి. షేక్ విమానమెక్కాక ఆ కాగితం పిల్ల చేతిలో పెడతారు. ఇందులో మతం ఎక్కడుంది? ఉన్నది అప్పు, ఆకలి, వాటి మీద బతికే దళారి.

పెళ్లి వయసు విషయంలో వైయక్తిక చట్టాలు అడ్డురాకుండా చేసే సవరణ బిల్లు 2021 డిసెంబర్‌లో లోక్‌సభకు వచ్చింది. స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో ఆ సభతో పాటే రద్దయిపోయింది. అదే ఏడాది అక్టోబర్ 18న సుప్రీంకోర్టు బాల్యవివాహాల నివారణకు వివరంగా మార్గదర్శకాలిచ్చింది. ఏ చట్టం పైదన్న ప్రశ్నను మాత్రం తేల్చకుండా పార్లమెంటుకు వదిలింది.