ఇత్తడి తూటాగుల్లలు: మెరుపు వేరు, సత్తువ వేరు

పండుగ వచ్చిందంటే శంషాబాదు పల్లెల్లోనేమి, హైదరాబాదు బస్తీల్లోనేమి, ఇత్తడి చెంబులకు చింతపండు పట్టించి తోముతారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం మసకపొరలోని రాగి ఆక్సైడును కరిగిస్తుంది. ఇటుకపొడి అలా కాదు. మసకతోపాటు లోహాన్ని కూడా గీకివేస్తుంది. ఈ తేడా ఒకప్పుడు తుపాకులవారికీ ముఖ్యమైంది.

18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమాన్ నిజాము కోసం హైదరాబాదులో ఫిరంగులు పోతపోయించాడు. గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు అలా వచ్చిందే. ఆనాటి తూటాలు కాగితపు పొట్లాలు; వాటిని తోమే పని లేదు. 1866లో బ్రిటిషు సైన్యం బాక్సర్ రూపొందించిన ఇత్తడి తూటాను స్వీకరించింది. పేల్చిన తరువాత కూడా గుల్ల మిగులుతుంది కనుక, దానిని శుభ్రపరచి మళ్లీ మందు కూరవచ్చునన్న ఆలోచన బలపడింది.

నల్లమందు కాలగా మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకొని ఇత్తడిని తినివేస్తాయి. వెంటనే వేడినీటితో కడిగితే చాలావరకు పోతాయి. కాని పాత రంజకాలలోని ఫల్మినేటు నుండి వెలువడిన పాదరసం ఇత్తడిలోకి ఇంకి దానిని పెళుసు చేస్తుంది. దానికి ఏ కడుగుడూ మందు కాదు.

అంతకంటె వింత బ్రిటిషు ఇండియాలో జరిగింది. వానకాలంలో గుర్రపుసాలలలో నిలవచేసిన తూటాల గుల్లలు, ఎవరూ పేల్చకుండానే పగిలిపోయేవి. ఋతువును బట్టి వచ్చేది కనుక దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ దీని గుట్టు విప్పారు. సుమారు ఏడుపాళ్ల రాగి, మూడుపాళ్ల యశదం కలిసిన ఆ ఇత్తడిని చల్లగా సాగదీసి గుల్లగా మలచినప్పుడు లోపల బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుండి పుట్టిన అమ్మోనియా, తేమ, గాలి తోడై స్ఫటికాల సరిహద్దుల వెంట ఆ బిగువును చీలికగా మారుస్తాయి. గుల్లలను సుమారు 250–300 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాచి బిగువు తీసివేయడమే దీనికి విరుగుడు.

ఇప్పుడు పద్ధతులను పోల్చి చూడండి. అమ్మోనియా కలిసిన మెరుగుద్రవం చక్కగా మెరిపిస్తుంది. కాని గుర్రపుసాల చేసిన పనినే అదీ చేయగలదు. పలుచని పులుపు మసకను తీస్తుంది. ఎక్కువసేపు నానబెడితే యశదం కరిగిపోయి, గుల్ల గులాబిరంగుకు తిరిగి బలహీనపడుతుంది. అక్రోటు పెంకుపొడిలో దొర్లిస్తే లోహం అంతగా అరగదు. కాని రంజకంలోని సీసం ధూళిగా లేచి ఊపిరిలో చేరవచ్చు. నీటిలో ఉక్కుసూదులతో దొర్లిస్తే ఆ ధూళి లేవదు. అతిధ్వని తరంగాలు మూలమూలల మసిని వదలిస్తాయి. తళుకు మాత్రం తక్కువ.

చెంబు పగిలితే నీరు కారుతుంది, అంతే. తూటాగుల్ల పగిలితే మండే వాయువులు కాల్చేవాని ముఖానికే రావచ్చు. అందుచేత ఇత్తడి ఎంత మెరిసిందని కాక, ఎంత సత్తువ నిలుపుకొన్నదని అడగడమే శాస్త్రం నేర్పే పాఠం.